పాత సొరంగము - క్రొత్త వెలుగు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమీపమున, సుమారు 3 కిలోమీటర్ల పొడవుగల సొరంగ మొకటి కలదు. 1962లో ఆరంభమైన దాని నిర్మాణము 1966లో ముగిసెను. ఎలక్ట్రానులను కాంతివేగమునకు చేరువగు వేగముతో పరుగెత్తించి, పరమాణు గర్భమును శోధించుటయే నాటి ఆశయము. ప్రోటానులలో సైతము క్వార్కులను సూక్ష్మ కణములు కలవని అచటనే తేలెను. ఆ కృషికి 1990లో నోబెల్ బహుమానము లభించెను.

కాలము గడచెను. అన్యదేశములలో అంతకంటె శక్తిమంతములైన యంత్రములు వెలసెను. ఇక ఈ ముదుసలి యంత్రమునకు పని యేమి? 1992లో క్లాడియో పెల్లెగ్రిని యను శాస్త్రజ్ఞుడు దీనికి సమాధానము చెప్పెను. సొరంగములోని చివరి మూడవవంతు యంత్రముతో ఎక్సు కిరణముల లేజరును నిర్మింపవచ్చునని ఆయన ప్రతిపాదించెను.

దీనికి మూలసూత్రమును 1971లో స్టాన్‌ఫర్డునందే జాన్ మేడీ ప్రకటించియుండెను. సాధారణ లేజరులో ఎలక్ట్రానులు పరమాణువులకు కట్టుబడియుండును. ఇందు అవి స్వేచ్ఛగా పరుగిడును. కావుననే దీనికి స్వేచ్ఛా ఎలక్ట్రాను లేజరని పేరు. ధ్రువములు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతముల నడుమ ఎలక్ట్రానులు పామువలె మెలికలు తిరుగుచు కాంతిని వెదజల్లును. ఆ కాంతియే మరల వానిని చిన్న చిన్న బారులుగా తీర్చును. అప్పుడవి ఒకే తాళమునకు అడుగువేయు కోలాటకాండ్రవలె ఏకముగా వెలుగును. కాంతి అనేక రెట్లు వృద్ధిపొందును.

ఇది సాధ్యమా యని శంకించినవారును కలరు. అయినను 2009 ఏప్రిలులో ఆ వెలుగు వెలిగెను. సెకనును లక్షకోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల 1000 ముక్కలు చేసినచో, అట్టి కొన్ని ముక్కల కాలమే ఒక్కొక్క మెరుపు నిలుచును. ఆ తీవ్రతకు ఎదుటి స్ఫటికము భగ్నమైపోవును. కాని భగ్నమగుటకు ముందే దాని చిత్రము సిద్ధమగును! ఈ మార్గముననే, ఆకు సూర్యరశ్మితో నీటిని విడదీసి ప్రాణవాయువును విడుచు విధమును శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు.

తరువాత సొరంగపు మొదటి భాగముననున్న పాత రాగి యంత్రమును తొలగించి, సున్నకు దిగువన 271 డిగ్రీల చలిలో పనిచేయు క్రొత్త యంత్రమును నెలకొల్పిరి. 2023లో అదియు వెలుగునిచ్చెను. సెకనుకు 120 మెరుపులకు మారుగా 10 లక్షల వరకు ఇయ్యగలుగునట్లు దానిని రూపొందించిరి.

సొరంగమును త్రవ్వుట కారంభించునాటికి లేజరు పుట్టి రెండేండ్లే. త్రవ్వినవారు తలంపని కార్యము నేడు అందు సాగుచున్నది. దృఢముగా నిర్మించినవారి శ్రమ, వివేకముతో మార్చినవారి చేతిలో మరల ఫలించినది.