రెచ్చగొట్టిన నేరం: అప్పీలులో నిలిచేదెంత?

"జనాన్ని రెచ్చగొట్టిండు" అన్న మాట ఎన్నికలప్పుడు, సమ్మెలప్పుడు మనం చాలా తేలికగా అనేస్తాం. అదే మాట చార్జిషీటులోకి ఎక్కితే సంగతి వేరు. పాత శిక్షాస్మృతిలో 153ఏ (వర్గాల మధ్య వైరం పెంచుట), 505(2) (అట్టి వైరం పుట్టించే వదంతులు), 124ఏ (రాజద్రోహం) అనే సెక్షన్లు ఇందుకు వాడేవారు. క్రింది కోర్టు శిక్ష వేస్తే అది పైన నిలుస్తుందా? హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక అప్పీలు దీనికి మంచి పాఠం.

అది బిలాల్ అహ్మద్ కాలూ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ముద్దాయి కాశ్మీరీ యువకుడు. కాశ్మీరులో సైన్యం ముస్లింలపై అత్యాచారాలు చేస్తున్నదని హైదరాబాదులో ప్రచారం చేశాడని ఆరోపణ. టాడా నేరాలు రుజువు కాలేదు. అయినా విచారణ కోర్టు పై మూడు సెక్షన్ల క్రింద, ఆయుధాల చట్టం క్రింద నేరస్థుడన్నది. రాజద్రోహానికి యావజ్జీవ శిక్ష వేసింది. టాడా కేసు గనుక అప్పీలు హైకోర్టుకు గాక నేరుగా సుప్రీంకోర్టుకు పోయింది.

1997 ఆగస్టు 6న తీర్పు వచ్చింది. వైరం పెంచాడనాలంటే కనీసం రెండు వర్గాలు ఉండాలి గదా! ఒక వర్గం వారి మనోభావాలను రేపినంత మాత్రాన, రెండో వర్గం ప్రసక్తే లేనప్పుడు ఆ రెండు సెక్షన్లు అతకవు. దురుద్దేశం రుజువు కావాలి. 505(2) కైతే మాట ప్రచురితం కూడా కావాలి. ఇక రాజద్రోహం సంగతి చూస్తే, అతడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఏం చేశాడో చార్జీలోనే లేదు! ఆ మూడు శిక్షలు పోయినై, ఆయుధాల చట్టం క్రింది నేరనిర్ధారణ మాత్రం నిలిచింది. నేరం ఎంత పెద్దదైతే కోర్టు అంత జాగ్రత్త వహించాలని క్రింది కోర్టుకు చురక కూడా పెట్టింది. నా దృష్టిలో ఈ తీర్పులో అన్నిటికంటె విలువైనది ఈ చురకే. సాక్ష్యం దాకా పోనక్కర లేకుండా, చార్జీని శ్రద్ధగా చదివితేనే తేలే విషయానికి యావజ్జీవం వేశారు మరి.

2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 153ఏ స్థానంలో 196, 505 స్థానంలో 353 వచ్చినవి. వర్గాల మధ్య వైరం అన్న మూలాంశం మారలేదు కనుక ఆ వాదన నేటికీ పనికివస్తుంది. 124ఏ ను సుప్రీంకోర్టు 2022 మే 11నే నిలిపివుంచింది; కొత్త సంహితలో 152 అనే వేరే సెక్షను ఉన్నది.

మన సుల్తానాబాద్ విద్యార్థి మీద 196 క్రింద కేసు పడితే, మామూలుగా విచారించేది మొదటి తరగతి మేజిస్ట్రేటు. శిక్ష పడితే అప్పీలు సెషన్స్ కోర్టుకు, గడువు 30 రోజులు. హైకోర్టుకు పోవలసిన అప్పీలైతే 60 రోజులు. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిలు ఇమ్మని అడుగవచ్చు. జైలుశిక్ష పడినవానికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోవాలె.