నెల జీతము లేని పని

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 18:1-5, 20:33-35
పాఠము ఉద్దేశము: నెల జీతము లేకుండా సొంతంగా పని చేసుకొనేవారి కష్టసుఖాలను వాక్యపు వెలుగులో తెలిసికొనుట, వారి విషయమై సంఘపు బాధ్యతను గుర్తించుట.



ఈ పాఠాన్ని ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాను. నేను టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, పదవీ విరమణ వరకు ప్రతి నెలా జీతం అందుకొన్నవాడిని. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలోని ఒక యువకుని గురించి పెండ్లి సంబంధం వారు నన్ను విచారించారు. అతడు ఇంట్లోనే కూర్చొని కన్నడం నుండి తెలుగులోకి, తెలుగు నుండి కన్నడంలోకి అనువాదాలు చేస్తాడు. "మంచి పిల్లవాడే గాని, స్థిరమైన ఉద్యోగం లేదండి" అన్నాను. ఆ సంబంధం తప్పిపోయింది.

సంగతి తెలిసి అతడు మా ఇంటికి వచ్చాడు. కోపపడలేదు. ఒక నోటు పుస్తకం నా ముందు పెట్టాడు. మూడేళ్ళ లెక్క, నెల నెలా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరు ఎంత బాకీ ఉన్నారు, అంతా అందులో ఉంది. పని దొరకని నెలల్లో కూడా తల్లి మందులు ఆగలేదు, కానుక ఆగలేదు. "మాస్టారూ, ఒక్క మాట నన్ను అడిగి ఉంటే ఇది ముందే చూపించేవాణ్ణి గదా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. అతని పని ఏమిటో తెలిసికోకుండానే తీర్పు చెప్పాను. అందుకే ఈ పాఠం.

1. డేరాలు కుట్టిన చేతులు

అకుల పొంతులో పుట్టిన యూదుడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి వెళ్ళమన్నప్పుడు భార్య ప్రిస్కిల్లతో కొరింథు చేరాడు. అంటే వారు మనవంటి వలస కుటుంబమే. ఊరు పోయినా చేతిపని వెంట వచ్చింది. పౌలు వృత్తి కూడా డేరాలు కుట్టుటే గనుక వారితో ఉండి పని చేశాడు.

ఐదవ వచనం జాగ్రత్తగా చదవండి. సీల, తిమోతి మాసిదోనియ నుండి వచ్చిన తరువాత పౌలు వాక్యబోధలోనే నిమగ్నుడయ్యాడు. అక్కర కలిగినప్పుడు మాసిదోనియ సహోదరులు తీర్చారని 2 కొరింథీయులకు 11:9లో తానే వ్రాశాడు. అపొస్తలునికి సహితం రాబడి ఒక్క తీరుగా లేదు. కొంత చేతిపని వలన, కొంత సహోదరుల ప్రేమ వలన సాగింది. పనికి పనీ, సంఘానికి తోడూ రెండూ అవసరమయ్యాయి.

2. ఇది మనకు క్రొత్త కాదు

తెలుగు బాప్టిస్టు చరిత్రలో పేరెన్నిక గన్న యర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మం పొందారు. ఆయన తోళ్ళ వ్యాపారం చేసినవారు. నెల జీతగాడు కారు. షోలాపూరులో మన తెలుగు ఆడవారు బీడీలు చుట్టి, వెయ్యికి ఇంత అని కూలి తీసుకొని పిల్లలను చదివించారు. నేటి అనువాదకుడు పేజీకి ఇంత, డెలివరీ అబ్బాయి ఆర్డరుకు ఇంత తీసుకొంటున్నాడు. పనిముట్టు మారింది, పద్ధతి పాతదే.

స్థిరమనుకొన్నది ఎల్లప్పుడు నిలవదు కూడా. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరువాత అక్కడి కుటుంబాల నుండి వేలమంది ప్రతిదినం బెంగుళూరు రైలెక్కి పనికి వెళ్ళవలసి వచ్చింది.

3. దాచకుండా చెప్పవలసిన కష్టాలు

"ఎవరి క్రిందా పని చేయనక్కరలేదు, ఇష్టమైనప్పుడు పని" అని యువత ఆశపడుతుంది. అది సగం నిజమే. జబ్బు చేసిన రోజుకు డబ్బు లేదు. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. చేసిన పనికి డబ్బు మూడు నాలుగు నెలలకు గాని రాదు. కొన్నిసార్లు రానే రాదు. చేతికి వచ్చినదంతా లాభం కాదు: బండి నడిపేవానికి పెట్రోలు, రిపేరు, ఇంట్లో పనిచేసేవానికి కంప్యూటరు, కరెంటు బిల్లు తీసివేయాలి. మత్తయి 20:7లో సాయంకాలం వరకు నిలబడినవారు సోమరులు కారు. పిలిచేవాడు లేక నిలబడ్డారు. పని లేని వారాన్ని సోమరితనమనకండి.

4. పని చేసేవారికి సలహాలు

(అ) గత సంవత్సరంలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల ఏదో చూచి, ఆ రాబడికి తగినట్లు ఇంటి ఖర్చు అమర్చుకోండి. సమృద్ధి కాలంలో ఐదవ భాగం నిలువ చేయించిన యోసేపును జ్ఞాపకం చేసికొనండి (ఆది. 41:34).

(ఆ) లాబాను యాకోబు జీతాన్ని పదిసార్లు మార్చాడు (ఆది. 31:7). గనుక రేటు, గడువు, డబ్బు ఇచ్చే తేదీ ముందే వ్రాతలో పెట్టించుకొనండి. క్రొత్తవారి దగ్గర కొంత బయానా తీసికొనండి.

(ఇ) పని ఇస్తామని ముందు డిపాజిట్టు అడిగేవారిని నమ్మవద్దు. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గాని తీసికోకూడదు. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

(ఈ) 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్ లో పేరు నమోదు చేయించుకొనండి. 18 నుండి 70 ఏండ్లవారికి బ్యాంకు ఖాతా ద్వారా సంవత్సరానికి 20 రూపాయలతో ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. యాప్ ల ద్వారా పని చేసేవారిని గుర్తించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చింది. కర్ణాటక రాష్ట్రం అదే సంవత్సరం ప్రత్యేక చట్టం కూడా చేసింది.

(ఉ) కానుక విషయమై కలత వద్దు. 1 కొరింథీయులకు 16:2 ప్రకారం వర్ధిల్లిన కొలది ఇవ్వాలి. తక్కువ వచ్చిన వారం తక్కువ ఇచ్చుట సిగ్గు కాదు.

5. సంఘమునకు

ఆదివారం మధ్యాహ్నం ఆర్డర్లు ఎక్కువగా ఉంటాయి. ఆరాధనకు రాలేదని యువకుని పేరు కొట్టివేసే ముందు, ఉదయం ఆరు గంటలకు చిన్న కూడిక పెట్టగలమేమో ఆలోచించండి. మన ఇంటి గడపకు వచ్చిన డెలివరీ అబ్బాయికి మంచినీళ్ళు ఇవ్వండి. మన సంఘస్థుల చేత కుట్టుపని, వైరింగు, టైపింగు చేయించుకొంటే ప్రొద్దుగుంకకముందే డబ్బు చెల్లించండి. ద్వితీయోపదేశకాండము 24:15 నేర్పేది అదే. "మనవాడే గదా" అని రేటు తగ్గించమని అడగవద్దు. పెండ్లి సంబంధాలలో "ఉద్యోగం పర్మనెంటా?" అని అడిగేవారు "లెక్క సరిగా ఉందా, అప్పులున్నాయా, మాట నిలుపుకొంటాడా?" అని కూడా అడగండి.

ఆ యువకునికి నేను క్షమాపణ చెప్పాను. తప్పిపోయిన సంబంధం తిరిగి రాలేదు. మరొక సంవత్సరానికి వేరే చోట వివాహమైంది. ఆ పెండ్లికి ముందు వారు నన్ను విచారించినప్పుడు, "ఆ నోటు పుస్తకం చూడండి" అని చెప్పాను.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘంలో నెల జీతం లేనివారు ఎన్ని కుటుంబాలు? వారి పని ఏమిటో మనకు తెలుసా?
2. పౌలుకు మాసిదోనియవారు చేసిన సహాయం వంటిది, పని లేని నెలలో మనం ఎలా చేయగలం?
3. ఎవరికైనా మనం కూలి బాకీ ఉన్నామా? ఈ వారమే చెల్లించగలమా?

ప్రార్థనాంశము: పని దొరకని సహోదరుల కొరకు, రాత్రివేళ బండ్లపై తిరిగే మన బిడ్డల క్షేమము కొరకు ప్రార్థించుదము.