సూత్రం అందరిదీ, వాక్యం మాత్రం రాసినవారిది



రాత్రి పది గంటలు. తెల్లారితే మ్యాథ్స్ ప్రాజెక్టు ఇవ్వాలి. మీ అమ్మాయి వికీపీడియా తెరిచి, పైథాగరస్ సిద్ధాంతం మీద రెండు పేరాలను చూసి చార్టు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసింది. "ఇది కాపీ కదమ్మా?" అని మీరు అడిగారు. "లెక్కలకి కాపీరైట్ ఏంటి నాన్నా? సిద్ధాంతం ఎవరి సొంతమూ కాదుగా!" అంది.

ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మనం నేర్పాలి.

దేనికి కాపీరైట్ ఉంటుంది?

కాపీరైట్ ఆలోచనకు ఉండదు, ఆ ఆలోచనను చెప్పిన తీరుకే ఉంటుంది. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. ఈ సత్యాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దాన్ని వివరిస్తూ ఒక రచయిత రాసిన వాక్యాలు, గీసిన బొమ్మ, కూర్చిన అభ్యాసాలు ఆ రచయితవి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పుస్తకాల మీద ఈ హక్కు సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది.

ఒక నిజమైన కథ

అమెరికాకు చెందిన ఎరిక్ వైస్‌స్టీన్ విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి గణితం నోట్సు రాసుకుంటూ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. అదే తర్వాత 'మ్యాథ్‌వరల్డ్' అయింది. 1998లో సీఆర్‌సీ ప్రెస్ దాన్ని పుస్తకంగా వేసింది. 2000లో హక్కుల విషయమై ఆ ప్రచురణ సంస్థ కోర్టుకెక్కింది. కోర్టు ఉత్తర్వుతో వెబ్‌సైటు దాదాపు ఏడాది మూతపడింది. రాజీ కుదిరాక 2001లో మళ్లీ తెరుచుకుంది.

ఆ ఏడాది ఒక్క సిద్ధాంతం కూడా ఎవరికీ దూరం కాలేదు. దూరమైంది వాటిని వివరించిన రాత మాత్రమే. ఆ లోటు తీర్చడానికి కొందరు గణిత ప్రేమికులు 'ప్లానెట్‌మ్యాథ్' మొదలుపెట్టి, తమ వ్యాసాలను షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని ముందే ప్రకటించారు. అందుకే ఇంగ్లిష్ వికీపీడియాలో కొన్ని గణిత వ్యాసాలు అక్కడి రాతను వాడుకున్నాయి. ఆ పేజీల అడుగున ప్లానెట్‌మ్యాథ్ పేరు చెప్పే చిన్న గమనిక కనిపిస్తుంది. తీసుకున్నారు, తీసుకున్నామని చెప్పారు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

పిల్లలే కాదు, పెద్దలూ వీటిని కలిపేస్తుంటారు.

ఒకటి: "ఇది నిజమని ఎలా తెలుసు?" దీనికి జవాబు ఆధారం. వికీపీడియాలో మామూలు కూడికలు, తీసివేతలకు ఆధారం అడగరు. కానీ మీ అబ్బాయి సొంతంగా ఒక కొత్త నిరూపణ కనిపెట్టినా, నమ్మదగిన చోట ప్రచురితం కానిదే అక్కడ చేర్చనివ్వరు.

రెండు: "ఈ మాటలు వాడుకోవడానికి అనుమతి ఉందా?" దీనికి జవాబు లైసెన్సు. పుస్తకం పేరు కింద రాసినంత మాత్రాన దానిలోని పేజీలు ఎత్తి రాసే అనుమతి వచ్చినట్టు కాదు. అనువాదానికీ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాన్ని తెలుగు వికీపీడియాలోకి అనువదించవచ్చు, మూలం చెప్పాలి. హక్కులున్న పాఠ్యపుస్తకాన్ని తెలుగు చేసి పెట్టాలంటే మాత్రం అనుమతి కావాలి.

ఇంట్లో ఇలా చేయించండి

1. పేజీ చదివాక ఫోను పక్కన పెట్టించండి. అర్థమైంది మీకు నోటితో చెప్పమనండి.
2. చెప్పిందే కాగితం మీద రాయమనండి. మూలంలోని అక్షరాలను, అంకెలను మార్చినంత మాత్రాన సొంత రాత కాదని చెప్పండి.
3. ఉదాహరణ సొంతంగా వేయించండి. గోడకు ఆనించిన నిచ్చెన చాలు: అడుగు గోడకు 3 అడుగుల దూరంలో, పై కొస 4 అడుగుల ఎత్తులో ఉంటే నిచ్చెన పొడవెంత?
4. చార్టు అడుగున ఏ పేజీ, ఏ తేదీన చూశారో రాయించండి. తప్పనిసరై ఒక వాక్యం యథాతథంగా వాడితే కొటేషన్ గుర్తుల్లో పెట్టించండి.

స్కూలు చార్టు మీద ఎవరూ కేసు వేయరు. అసలు నష్టం వేరే ఉంది. ఎత్తి రాసిన చార్టు చూసి అమ్మాయికి సిద్ధాంతం అర్థమైందో లేదో టీచరు చెప్పలేరు, మీరూ చెప్పలేరు. అక్షరాలు కొంచెం వంకర పోయినా, మాటలు తనవైన చార్టే మాకు కావాలి. ఈ నెల ప్రాజెక్టులో నిచ్చెన లెక్కను మీ పిల్లలు ఎలా చెబుతారో వినాలని మా గణిత ఉపాధ్యాయులు ఎదురుచూస్తున్నారు.