నర్సు కావాలంటే ముందు ఏమి అడగాలి?



పెద్దయినంక ఏమైతవు అని అడిగితే మన హాస్టల్లో చాలామంది "నర్సు" అంటారు. నేను కూడా ఏడో తరగతి నుండి అదే అంటున్నాను. అయితే నర్సు ఎట్లా అవుతారని అడిగితే మాత్రం ఎవ్వరం చెప్పలేము. తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల వాళ్లు తప్పకుండా చదవగలరు.

మా అక్క ఇంటర్ సి.ఇ.సి. పాసయింది. ఒకాయన మా తండాకు వచ్చి "ఒక్క ఏడాదిల నర్సును చేస్తం" అని చెప్పిండు. బాపు రెండు మేకలు అమ్మి, మిగిలిన పైసలు మిత్తికి తెచ్చి కట్టిండు. ఏడాది తర్వాత అక్కకు బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చిన్రు. యాడి దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టింది. అక్క ఉద్యోగానికి పోతే అక్కడి క్లర్కు ఒక్కటే ప్రశ్న అడిగిండు: "అమ్మా, నీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" అక్క దగ్గర నంబరు లేదు. ఆ చదువుకు నంబరు రాదని ఆ రోజే తెలిసింది. ఆరు నెలలు అక్క ఎవ్వరితో సరిగ్గా మాట్లాడలేదు. మిత్తి మాత్రం నెలనెలా పెరిగింది.

కాబట్టి మొదటి పాఠం ఇది.

1. నర్సు అంటే రిజిస్టర్‌లో పేరున్న మనిషి

తెల్ల బట్టలు వేసుకున్న ప్రతి ఒక్కరూ నర్సు కారు. గుర్తింపు ఉన్న కాలేజీలో చదివి, పరీక్ష పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నవారే నర్సు. ఇది చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. దేశమంతటికీ నర్సుల రిజిస్ట్రేషన్ చట్టాన్ని మొదట చేసింది న్యూజిలాండ్, 1901లో. ఎలెన్ డోహర్టీ అనే ఆమె పేరు 1902లో ఆ రిజిస్టర్‌లో మొట్టమొదట ఎక్కింది. మన దగ్గర మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సుల చట్టం వచ్చింది. అప్పుడు ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. దేశమంతటికీ భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టాల పేర్లు మారినా మనం అడగవలసిన మాట మారదు. పైసలు కట్టకముందే ఇట్లా అడగండి: "ఈ కోర్సు చదివితే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందా? గుర్తింపు కాగితం చూపిస్తారా?" చూపించకపోతే ఆ గడప దిగి వచ్చేయండి. కాగితం చూపించినా కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో సార్‌తోనో మేడంతోనో చూపించుకోండి.

2. మూడు దారులు

ఎ.ఎన్.ఎం.: రెండు సంవత్సరాలు. ఇంటర్ ఏ గ్రూపు అయినా సరే. సూదిమందు డబ్బా పట్టుకొని మన తండాలకు, గూడేలకు వచ్చే అక్క చదివింది ఇదే. దీన్ని చిన్న చదువు అనుకోవద్దు. శాంతి తెరెసా లక్రా అనే ఎ.ఎన్.ఎం. అండమాన్ దీవుల్లో ఓంగే గిరిజనుల మధ్య పనిచేశారు. 2004 సునామీ తర్వాత వాళ్లతోపాటే అడవిలో ఉండి సేవ చేశారు. ఆమెకు 2011లో పద్మశ్రీ వచ్చింది.

జి.ఎన్.ఎం.: మూడు సంవత్సరాలు. ఇంటర్ ఏ గ్రూపు అయినా చేరవచ్చు. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి, 40 శాతం మార్కులు రావాలి. 35 ఏండ్ల వరకు చేరవచ్చు.

బి.ఎస్సీ. నర్సింగ్: నాలుగు సంవత్సరాలు. ఇంటర్ బై.పి.సి. చదివి ఉండాలి. మార్కులు 45 శాతం, మన ఎస్.టి.లకు 40 శాతం. పైచదువులకు, పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఇది మంచి దారి.

మూడింటికీ ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండాలి. బడిలో వేసేటప్పుడు వయసు తప్పు రాయించిన వాళ్లు ఇప్పుడే సరిచూసుకోండి.

మన కోరుట్ల నుండి హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. జగిత్యాలలో, సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి. బి.ఎస్సీ. సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నింపుతుంది. దానికి ఎంసెట్ రాయాలి. 2024 నుండి మన రాష్ట్రంలో దాని పేరు ఈఏపీసెట్. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ర్యాంకు వచ్చింది గదా అని ఇంట్ల కూసుంటే సీటు రాదు. విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, సర్టిఫికెట్లు చూపాలి, తర్వాత కాలేజీల పేర్లు వరుసగా ఎంచుకోవాలి. మన రాష్ట్రంలో ఎస్.టి. రిజర్వేషన్ 2022లో 6 శాతం నుండి 10 శాతం అయింది. ఆ సీటు మనకు అందాలంటే కాగితాలు సరిగ్గా ఉండాలి.

3. కాగితాల సంచి

ఒక ప్లాస్టిక్ కవరులో ఇవన్నీ ఇప్పటినుండే పెట్టుకోవలెను: పదో తరగతి మెమో (పుట్టిన తేదీకి ఇదే రుజువు), ఇంటర్ మెమో, 6వ తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుబుక్, ఫోటోలు. ప్రతిదానికీ మూడేసి జిరాక్సులు. అసలు కాగితాలు ఎవరు అడిగినా రసీదు లేకుండా ఇవ్వవద్దు.

అన్ని కాగితాల్లో పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కతీరుగ ఉండాలి. మా ఇంటిపేరు బానోతు. ఇంగ్లీషులో నా మెమోలో చివర ‘యు’ అక్షరం ఉంది, ఆధార్‌లో లేదు. ఆ ఒక్క అక్షరం కోసం బాపు మూడుసార్లు కూలి పోగొట్టుకొని మీసేవ చుట్టూ తిరిగిండు. పదో తరగతి నామినల్ రోల్ మీద సంతకం పెట్టేముందు మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదువుకోండి. అప్పుడు దిద్దుకోవడం నిమిషం పని, తర్వాత దిద్దించుకోవడం నెలల పని.

4. ఇప్పటినుండి చదువవలసినవి

ఈఏపీసెట్‌లో బై.పి.సి. వాళ్లకు 160 ప్రశ్నలు, మూడు గంటలు. వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలవద్దు. సగం మార్కులు జీవశాస్త్రానివే.

నర్సింగ్‌లో పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. నేను రోజుకు పది మాటలు రాసుకుంటున్నాను. మందు పట్టీ మీద ఉన్నవి కూడా చదువుతున్నాను.

లెక్కలు అవసరం లేదని బై.పి.సి. తీసుకున్నవాళ్లు జాగ్రత్త! 1860లో లండన్‌లో నర్సుల బడి పెట్టించిన ఫ్లారెన్స్ నైటింగేల్ లెక్కల్లో దిట్ట. యుద్ధంలో గాయాలకంటే రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని ఆమె లెక్కలు, పటాలు గీసి చూపించింది. వార్డులో లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఉదాహరణ చూడండి:

500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెట్టు కవరు మీద "1 మి.లీ.కు 20 చుక్కలు" అని ఉంది. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి?
మొత్తం చుక్కలు: 500 × 20 = 10,000
మొత్తం నిమిషాలు: 4 × 60 = 240
10,000 ÷ 240 = 41.67, అంటే సుమారు 42 చుక్కలు.

చూశారా, ఇది మన ఐదో తరగతి భాగహారమే!

5. హాస్టల్లో చేయగల అభ్యాసం

పక్కన ఉన్న అమ్మాయి మణికట్టు మీద, బొటనవేలి వైపు, మీ రెండు వేళ్లు ఆనించి నాడి లెక్కపెట్టండి. మీ బొటనవేలు పెట్టవద్దు, దానిలోనే నాడి కొట్టుకుంటుంది, లెక్క కలిసిపోతుంది. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కించాలి. పెద్దవాళ్లకు విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుండి 100 వరకు మామూలు. శ్వాస 12 నుండి 20. మీ శ్వాస లెక్కపెడుతున్నాను అని ముందే చెప్పవద్దు, చెబితే వాళ్లు శ్వాస మార్చేస్తారు. అన్నిటికన్నా ముందు సబ్బుతో 40 నుండి 60 సెకండ్లు చేతులు కడుక్కోవడం అలవాటు చేసుకోండి.

చివరగా మా అక్క సంగతి. ఆమె ఇప్పుడు ఒక డాక్టరు దగ్గర చీటీలు రాసే పని చేస్తున్నది. వయసు 21. జి.ఎన్.ఎం.కు 35 దాకా ఉందని, ఏ గ్రూపయినా సరేనని మా జువాలజీ మేడం చెప్పినప్పుడు నేను సెలవు చీటీ రాసి ఆ ఆదివారమే ఇంటికి పోయి చెప్పిన. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి గోడ మీది అద్దం ఫ్రేము తీసింది. దాంట్లోని సర్టిఫికెట్ మడిచి పెట్టెలో వేసి, తన ఇంటర్ మెమో వెతికి నా కాగితాల కవరులో పెట్టింది. ఈ ఏడు అక్క జి.ఎన్.ఎం.కు, నేను బి.ఎస్సీ.కి దరఖాస్తు పెడుతున్నాము. మాకు సీటు వస్తదో లేదో తెలియదు. ఈసారి మాత్రం మొదటి ప్రశ్న అడిగినంకనే పోతున్నం.

అభ్యాసం: అదే సెట్టుతో 500 మి.లీ. సెలైన్ 6 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? చేసినంకనే కింద చూడండి.

— ఇంటర్ రెండవ సంవత్సరం, బై.పి.సి. విద్యార్థిని

(జవాబు: సుమారు 28 చుక్కలు)