ఐదు పట్టీలు, ఐదు రాగాలు

పిల్లలూ! కోలాటం పాటకైనా, బడి వార్షికోత్సవంలో పాడే పాటకైనా ఎవరో ఒకరు వరుస కట్టవలసిందే గదా! ఆ పని మీరు చేయగలరా? “అమ్మో, అది సంగీతం నేర్చినవాళ్లకే వస్తుంది సార్” అంటారు మా ఏడో తరగతి పిల్లలు. జగ్గయ్యపేట, నందిగామ వైపు బడుల్లో సంగీతం మాస్టారు ఉండటం అరుదు కనుక వారినీ తప్పుపట్టలేం. అయితే ఇంటర్నెట్టు ఉన్న కంప్యూటరు ఒకటి దొరికితే మనం ఒక ప్రయోగం చేయవచ్చు. దానికి రాగాల పేర్లు ముందుగా తెలియనవసరం లేదు. వినే చెవి, కొంచెం లెక్క వస్తే చాలు.

గూగుల్ సంస్థవారు 2016లో ‘క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్’ అనే ఉచిత సాధనాల పెట్టె ఒకటి ఇంటర్నెట్టులో పెట్టారు. అందులోకి 2018లో ‘సాంగ్ మేకర్’ వచ్చి చేరింది. తెరిస్తే లెక్కల నోటుబుక్కులాగా గళ్లు కనిపిస్తాయి. అడ్డంగా ఉన్న ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క స్వరం. కింది పట్టీ మంద్రంగా, పైకి పోయేకొద్దీ హెచ్చుగా పలుకుతుంది. ఎడమ నుండి కుడికి కాలం నడుస్తుంది. గడిని నొక్కితే రంగు నిండుతుంది, ఆ స్వరం మోగుతుంది. అట్టడుగున తాళానికి వేరే చోటు ఉంది.

ముందుగా ‘సెట్టింగ్స్’లోకి పోయి ‘స్కేల్’ అన్నచోట ‘పెంటటానిక్’ ఎంచుకోండి. పెంటటానిక్ అంటే ఐదు స్వరాలది. ఇప్పుడు కింది నుండి వరుసగా స, రి, గ, ప, ద అనుకోండి. ఆపైన మళ్లీ స. కింది స సెకనుకు సుమారు 261.6 కంపనాలు చేస్తుంది. పై స సరిగ్గా దానికి రెట్టింపు. ఈ రెంటి మధ్య దూరాన్ని 12 సమానమైన మెట్లుగా కోశారు. ఒక మెట్టు ఎక్కితే పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లవుతుంది. ఆ సంఖ్యను పన్నెండుసార్లు హెచ్చవేసి చూడండి, రెండు వస్తుంది!

ఇక గళ్లు నింపండి. భయం వద్దు, ఈ ఐదు స్వరాల్లో ఏవి పక్కపక్కన పెట్టినా చెవికి పెద్దగా గుచ్చుకోదు. పని పూర్తికాగానే ‘సేవ్’ నొక్కితే ఒక లింకు వస్తుంది. దాన్ని రాసుకోండి. కరెంటు చెప్పి పోదు గదా!

ఒక అమ్మాయి ఇలాగే ముప్పై రెండు గళ్ల పొడవున వరుస కట్టి, “సార్, పాట అయిపోయింది గానీ ఆగటం లేదు” అన్నది. చక్కటి మాట! ఆ వరుస చివర రి దగ్గర ఆగింది. వాక్యం మధ్యలో ఊపిరి వదిలినట్లుంది. చివరి గడిని స పట్టీలోకి దించితే ఇంటికి చేరినట్లయింది. పాటకు ఒక ఇల్లు ఉంటుందన్నమాట. దాన్నే ఆధార షడ్జమం అంటారు. తంబురా ఎడతెగకుండా వినిపించేది ఆ ఇంటినే.

మరి ఇల్లు మారిస్తే? ఆ అమ్మాయి చేత అదీ చేయించాను. చివరి స్వరాన్ని మళ్లీ రి పట్టీకి ఎక్కించి, ప్రతి ఎనిమిది గళ్లకు మొదట, కింద ఉన్న రి పట్టీలో కూడా ఒక గడి నింపమన్నాను. పై వరుసలో ఇంకేమీ మార్చలేదు. కాని రెండు మూడుసార్లు వినేసరికి రి యే స అయి కూర్చుంది. పాట ఆగింది, రంగు కూడా మారింది!

ఇందులో మాయ లేదు. విజయవాడ నుండి వచ్చే బస్సు కంచికచర్ల, నందిగామ, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరుతుంది. నందిగామలో ఇల్లున్నవారు కంచికచర్ల దగ్గరంటారు, జగ్గయ్యపేటవారు చిల్లకల్లు దగ్గరంటారు. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొలత మొదలుపెట్టిన చోటే మారింది.

స్వరాలనూ అలాగే కొలుద్దాం. మన ఐదు పట్టీల మధ్య దూరాలు స నుండి పై స వరకు 2, 2, 3, 2, 3 మెట్లు. ఇది మోహన రాగం. రి ని ఇల్లు చేసుకుంటే 2, 3, 2, 3, 2 అవుతుంది, అది మధ్యమావతి. గ నుండి మొదలుపెడితే 3, 2, 3, 2, 2, హిందోళం. ప నుండి శుద్ధసావేరి, ద నుండి శుద్ధధన్యాసి వస్తాయి. ఈ రెంటి మెట్లు మీరే లెక్కపెట్టండి. మన సంగీత విద్వాంసులు దీన్ని గ్రహభేదం అంటారు. కచేరీలో పాడుతూ పాడుతూనే క్షణకాలం ఇల్లు మార్చి, మళ్లీ పాత ఇంటికి వచ్చేస్తారు.

అయితే ఒక హెచ్చరిక. గళ్లలో మోగేది రాగపు ఎముకల గూడు మాత్రమే. హిందోళంలో స్వరాలు ఊగుతాయి, ఒకదాని నుండి ఇంకొకదానికి జారుతాయి. ఆ గమకం ఏ గడిలోనూ పట్టదు. పైగా యంత్రం పలికే గ 329.6 కంపనాలది. తంబురా మీటినప్పుడు శ్రుతిలో కలిసిపోయే గ మాత్రం స కు 5/4 రెట్లు, అంటే 327. తేడా స్వల్పమే, అయినా చెవికి తెలుస్తుంది. కనుక గళ్లలో కట్టిన వరుసను అక్కడే వదిలేయవద్దు. కంప్యూటరు ఆపి, గొంతెత్తి పాడండి. పాడేటప్పుడు మీ గొంతు తనంతట తానే ఎక్కడెక్కడ జారుతుందో చూడండి. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఐదు స్వరాలు తక్కువ అనిపిస్తున్నదా? విజయవాడలో సంగీతం అభ్యసించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) నాలుగే స్వరాలతో లవంగి, మహతి అనే రాగాలు సృష్టించారు. మహతికి స, గ, ప, ని చాలు. ఆ ని, పై స కు రెండు మెట్లు దిగువన ఉంటుంది. అది కావాలంటే ‘స్కేల్’ను ‘క్రోమాటిక్’కు మార్చాలి, అప్పుడు పన్నెండు మెట్లూ కనిపిస్తాయి.

చివరగా మీకొక పని. ‘స్కేల్’ను ‘మేజర్’కు మార్చండి. ఏడు పట్టీలు వస్తాయి. ఇది శంకరాభరణం, మెట్లు 2, 2, 1, 2, 2, 2, 1. రి మొదలు ద వరకు ఏ పట్టీని ఇల్లు చేసుకున్నా మరో మేళకర్త రాగం తలుపు తెరుచుకుంటుంది. ని దగ్గర మాత్రం తెరుచుకోదు. ఇంటి నుండి పంచమం ఎప్పుడూ ఏడు మెట్ల ఎత్తున ఉండాలని గుర్తుంచుకుని, ని నుండి లెక్కపెట్టి చూడండి.