రాణి రుద్రమ సైన్యం

అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా విజయవాడ రోడ్డున పోతే నకిరేకల్ వస్తుంది. ఆ దగ్గర్లోనే చందుపట్ల ఊరు. ఆ ఊళ్ళో దొరికిన ఒక రాతి శాసనం రాణి రుద్రమదేవి చావు సంగతి చెబుతుంది.

రుద్రమ ఓరుగల్లును ఏలిన కాకతీయ రాణి. తండ్రి గణపతిదేవుడు. ఆయనకు కొడుకులు లేరు. కూతుర్నే గద్దె ఎక్కించాడు. సుమారు 1262 నుంచి ఆమె పాలన. శాసనాల్లో ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగపేరు కూడా ఉంది. ఆడది ఏలడం కొందరు సామంతులకు గిట్టలేదు.

సామంతులంటే తాతల నాటి దొరలు. సైన్యం వాళ్ళ చేతుల్లో ఉండేది. వాళ్ళు ఎదురు తిరిగితే సైన్యమూ పోయినట్టే. మరి రుద్రమ ఏం చేసింది? వంశం చూడలేదు, సత్తా చూసింది. కొత్తవాళ్ళను నాయకులుగా పెట్టుకుంది. వాళ్ళకు ఊళ్ళు అప్పగించింది. ఆ ఊళ్ళ పన్నుతో నాయకుడు బంట్లను, గుర్రాలను పోషించాలి. పిలిస్తే యుద్ధానికి రావాలి. ఊళ్ళు మాత్రం అతని సొంతం కావు. దీన్నే నాయంకర పద్ధతి అంటారు.

దేవగిరి రాజు మహాదేవుడు దండెత్తి వస్తే ఆమె తరిమికొట్టింది. కానీ సామంతుడు అంబదేవుడు తిరగబడ్డాడు. 1289లో రాణి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారు. అంబదేవుడితో పోరులోనే అని చరిత్రకారులు అంటారు. తర్వాత మనవడు ప్రతాపరుద్రుడు అంబదేవుణ్ణి ఓడించాడు, నాయంకరాన్ని ఇంకా పెంచాడు.

చందుపట్ల శాసనం వేయించింది పువ్వుల ముమ్మడి. అతను మల్లికార్జున నాయకుడి బంటు. ఇద్దరికీ పుణ్యం రావాలని గుడికి భూమి ఇచ్చాడు.