లాడ్జిలో నిద్ర పట్టదు, ఇంట్లో చుట్టంలా ఉంటోంది

ప్రశ్న: మాది హనుమకొండ. మందుల కంపెనీ ప్రతినిధిని. నెలలో సగం రోజులు ఖమ్మం, మంచిర్యాల, ఆదిలాబాద్ లాడ్జీల్లోనే. నిద్ర పట్టదు. ఇంటికొస్తే పరాయివాడిలా అనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: నిద్ర పట్టకపోవడం మీ బలహీనత కాదు. కొత్తచోట తొలి రాత్రి మెదడు ఎడమ భాగం కొంత కాపలా కాస్తూనే ఉంటుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. వారం తర్వాత అదే చోట పడుకుంటే ఆ తేడా కనిపించలేదు. కాబట్టి వెళ్లిన ప్రతిసారీ యాభై రూపాయలు తగ్గుతాయని లాడ్జి మార్చకండి. ఊరికో లాడ్జి, వీలైతే అదే గది. ఇంట్లో కప్పుకునే దుప్పటి బ్యాగులో పెట్టుకోండి. బరువనుకుంటే దిండు గలీబైనా సరే.

ఫోన్‌లో రోజూ "తిన్నవా, తిన్న" దగ్గరే ఆగిపోతున్నారేమో చూసుకోండి. పిల్లల హోంవర్క్‌లో ఒక లెక్క మీ వంతుగా ఉంచుకోండి. ఎక్కడున్నా ఇంటి పనిలో మీకో వాటా ఉండాలి.

కాజీపేటలో రైలు దిగగానే రిపోర్టులు తెరవకండి. మర్నాడు పొద్దున ఇంట్లోవాళ్లతో భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి రండి, ఫోన్ ఇంట్లో వదిలేసి. నెల దాటినా నిద్ర రాకపోతే, లేదా నిద్ర కోసం మందు అలవాటవుతుంటే, వైద్యుడిని కలవండి. శాంపిల్ మాత్రలు మాత్రం వేసుకోకండి, అవి మీ బ్యాగులోనే ఉంటాయి కనుక చెబుతున్నాను.